గంగాళం ఏ క్లాసు?

గంగాళం వంటపాత్రా, నీళ్ళపాత్రా అని మా ఆయన మూడు వారాలుగా పైకే ఆలోచిస్తున్నారు. ఆయన తిన్న కంచం తోముతూ నేను వింటున్నాను.

గుడివాడలో మా ఇంటి ముందుగదే మా కంప్యూటర్ సెంటరు. పెళ్ళిళ్ళకి సామాన్లు అద్దెకిచ్చే సీతామహాలక్ష్మి గారు మమ్మల్ని ప్రోగ్రాం రాసిమ్మన్నారు. ఏ గంగాళం ఏ ఊరెళ్ళిందో, ఎప్పుడొస్తుందో తెలిస్తే ఆవిడకి చాలు. మా ఆయనకి చాలదు. జావాలో ప్రతి రకం వస్తువుకీ ఒక నమూనా రాయాలి, దాన్నే క్లాసంటారు. ఆయన మూత ఉన్న పాత్రలకో క్లాసు, లేనివాటికో క్లాసు, గరిటెలకి విడిగా ఇంకోటి రాశారు.

"ఒక క్లాసు ఒకే పని చెయ్యాలి మాధవీ. రెండు చేస్తే డిజైన్ మైలపడుతుంది."

"గంగాళంలో నీళ్ళూ పోస్తారు, పులిహోరా కలుపుతారు కదండీ."

"అందుకే ఆడవాళ్ళకి డిజైన్ రాదంటారు."

నాకు ఒళ్ళు మండింది. అత్తయ్యకి వంటింట్లో మడి, ఈయనకి కంప్యూటర్లో మడి. ఇద్దరికీ నీళ్ళు మోసేది నేను. పొద్దున్నే ఇడ్లీ, అత్తయ్యకి కషాయం, పదింటికి స్టూడెంట్లకి పాఠం, మళ్ళీ వంట, సాయంత్రం ప్రింటర్లో ఇరుక్కున్న కాయితం. ఇన్ని పనులు నేనొక్కదాన్నే చేస్తుంటే ఏ డిజైనూ మైలపడలేదే! నేను ఏ క్లాసో మూడు వారాలు కాదు, మూడు నిమిషాలైనా ఎవరూ ఆలోచించలేదు.

మూఢం వెళ్ళింది, ముహూర్తాలు ముంచుకొచ్చాయి. శుక్రవారానికి ప్రోగ్రాం నడవకపోతే ఆ పని విజయవాడ వాళ్ళకిచ్చేస్తానన్నారు సీతామహాలక్ష్మి గారు. గురువారానికి మా ఆయన దగ్గర నలభై క్లాసులున్నాయి, ఒక్క గరిటె కూడా గడప దాటలేదు. ఆ మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీస్తుంటే నేను ఒకే ఒక్క క్లాసు రాశాను. పేరు 'సామాను'. అందులో ఏమిటి, ఎన్ని, ఎక్కడికి, ఎప్పుడొస్తుంది, అంతే. ఆవిడిచ్చిన అద్దె పుస్తకంలోని లెక్కలు ఎక్కించి చూశాను. అందం లేదు గానీ నడిచింది.

"ఛీ, ఇదీ ఒక డిజైనేనా?" అన్నారాయన. శుక్రవారం ఆవిడ రాగానే మాత్రం దాన్నే తెరిచి కూర్చున్నారు.

"మేం రాసిందేనండీ" అని, నా వైపు తిరిగి, "కాఫీ పట్రా" అన్నారు.

"పామర్రు పంపిన గంగాళాలు చూపించండి బాబూ" అన్నారావిడ. ఏ మీట నొక్కాలో ఆయనకి తెలీదు. నా కాళ్ళు అలవాటుగా వంటింటి వైపు రెండడుగులు వేశాయి. అక్కడ ఆగాను.

"కాఫీ మీరు కలపండి. ఇది నేను రాశాను, నేనే చూపిస్తాను" అని కుర్చీ లాక్కున్నాను. ఆయన లేచి వెళ్ళారు, పాపం, ఇంకేం చేస్తారు!

"పంతొమ్మిదండీ. ఆదివారం వస్తాయి."

సీతామహాలక్ష్మి గారు కళ్ళజోడు సర్దుకుని నా పక్కకి జరిగారు.

"మాధవీ, పంచదార ఏ డబ్బాలో ఉంది?" లోపల్నుంచి కేక.

"మీరు పుట్టి పెరిగిన ఇల్లే కదండీ," అన్నాను, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా, "మూతలు తీసి చూడండి."