బదులు రాని నినాదం

మడతల పిన్ని చేయి రోలరు కిందికి పోయినప్పుడు అరిచింది పిన్ని కాదు, మైకక్క. అరిచేంత వ్యవధి పిన్నికి లేకపోయింది.

పెద్దాసుపత్రి లాండ్రీ నేలమాళిగలో ఉంటుంది. పైన వార్డుల్లో రోగులు పడుకున్న దుప్పట్లన్నీ గొట్టంలోంచి జారి కిందికి వస్తాయి. వాటిని ఉతికి, పిండి, గంజి పెట్టి, పొగలు కక్కే రోలర్ల మధ్యకు తోస్తే అవతల పక్క ఇస్త్రీ అయి బయటికొస్తాయి. ఒక దుప్పటికి ఇద్దరు. ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు. ఆ రోజు ఆ కొస పట్టుకున్నది పిన్ని, ఈ కొస పట్టుకున్నది మైకక్క. తడి అంచు పిన్ని వేళ్ళకు చుట్టుకుంది. రోలరు దుప్పటిని లాక్కుంది, దుప్పటి చేతిని లాక్కుంది.

రోలరుకు ముందు ఒక అడ్డకమ్మీ ఉండాలి. చేయి తగలగానే యంత్రాన్ని ఆపేసే కమ్మీ అది. మందపాటి అంచు తగిలినా యంత్రం ఆగిపోతోందని, పని వెనకబడుతోందని లాండ్రీ నడిపే కాంట్రాక్టరు మనుషులు దాన్ని ఎప్పుడో ఊడదీసి మూలన పారేశారు. స్విచ్చు చూస్తే అవతలి గోడకుంది. మైకక్క వేసిన కేక ఉతికే యంత్రాల హోరును దాటుకుని బాయిలరు గదిలోకి పోయింది. బాయిలరు మామ పరుగెత్తుకొచ్చి కరెంటు తీసేసరికే చేయి మణికట్టు దాకా నలిగిపోయింది.

పరుగున వచ్చిన సూపర్‌వైజరు మొదట అడిగింది, "దుప్పటి మాడిందా?" అని. సాయంత్రం కాంట్రాక్టరు దిగాడు. మెట్ల మీదే నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "పరధ్యానంగా పనిచేస్తే ఇలాగే ఉంటుంది. ఆవిడ పని మానేసినట్టు రాసుకోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. దెబ్బ తిన్నది ఆమె, శిక్ష పడిందీ ఆమెకే.

మైకక్కకు ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పనక్కర్లేదు. ఏళ్ళ తరబడి యంత్రాల మధ్య మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు అలా తయారైంది. పార్టీ ఊరేగింపుల్లో ముందు ఆమె నడవాలి, నినాదం ఆమె అందుకోవాలి, వెనకనున్న వీధి మొత్తం బదులివ్వాలి. పార్టీ ఆమెకు పుట్టిల్లు. మాట వరసకు కాదు. తల్లీ తండ్రీ పోయాక పెంచిన అన్నయ్యే ఆ ప్రాంతానికి పార్టీ కార్యదర్శి. లాండ్రీలో యూనియన్ పెట్టించింది పార్టీ. తాగడానికి నీళ్ళు, కూర్చోవడానికో గది తెప్పించింది పార్టీ. అవతలి పార్టీ సంగతంటారా, వాళ్ళు గద్దె మీదున్న రోజుల్లో మిల్లు గేటు ముందు పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కాల్పుల్లో పోయినవాళ్ళలో మైకక్క పెనిమిటి ఒకడు. ఆ పార్టీ పేరు ఆమె ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పిన్ని చేయి పోయిన మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గర అన్నయ్య మాట్లాడాడు. ఎంత మాట్లాడాడని.

"మన ఆడబిడ్డ చెయ్యి తిన్నాడు ఈ కాంట్రాక్టరు. మనిషి కాదు వీడు, జలగ. కమ్మీలు బిగించాలి, పిన్నిని పనిలోకి తీసుకోవాలి. లేదంటే రోలర్లు ఆగుతాయి. అవసరమైతే వీణ్ణి ఈ గేటు దాటనివ్వం."

మైకక్క నినాదం అందుకుంది. దుప్పట్లు మోసేవాళ్ళు, వార్డులు ఊడ్చేవాళ్ళు, అంబులెన్సు డ్రైవర్లు, అందరూ బదులిచ్చారు. ఆ పూట ఆమె ఛాతీ పొంగింది. అన్నయ్య ఉన్నాడు, పార్టీ ఉంది, ఇంకేం కావాలి అనుకుంది.

ఇంతలో రాష్ట్ర ఎన్నికలొచ్చాయి. అభ్యర్థుల పేర్లు బయటికొచ్చిన ఉదయం బాయిలరు మామ పేపరు చంకలో పెట్టుకుని మడతల గదిలోకి వచ్చాడు.

"మన గుర్తుకి కొత్త పెళ్ళికొడుకు దొరికాడమ్మా. చూసి తరించండి."

ఫోటోలో కాంట్రాక్టరు నవ్వుతున్నాడు. మొన్నటిదాకా అవతలి పార్టీవాళ్ళ పక్కన నిలబడ్డ మనిషి. మెడలో ఇప్పుడు మన కండువా.

"గోడ మీది పిల్లి మన పెరట్లోకే దూకిందన్నమాట" అంది గంజి వదిన. గంజి తొట్టి దగ్గర పనిచేస్తుంది కాబట్టి ఆ పేరు. నాలుకకు మాత్రం గంజి అక్కర్లేదు, దానంతటదే బిరుసు.

మైకక్క పేపరు తిరగేసింది, మరగేసింది. అచ్చుతప్పేమో అన్న ఆశ ఒక నిమిషం ఉండి పోయింది.

మధ్యాహ్నం అన్నం వేళకు అన్నయ్య వచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి తలుపు దగ్గరే చెప్పులు సర్దుకుంటూ కాసేపు నిలబడ్డాడు. ఆడవాళ్ళు దుప్పట్ల మూటల మీద కూర్చున్నారు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని మడతల పిన్ని కూడా వచ్చింది. మెట్లు దిగుతుంటే ఆమెను ఆపే ధైర్యం ఆ రోజు సూపర్‌వైజరుకు లేకపోయింది.

"మనం మనిషిని చూడకూడదు, పార్టీని చూడాలి" మొదలుపెట్టాడు అన్నయ్య. "మనుషులు వస్తారు, పోతారు. గుర్తు మనది."

"ఆ గుర్తొచ్చి రోలరుకి కమ్మీ బిగిస్తుందా అన్నా?" అంది గంజి వదిన.

కొందరు నవ్వారు. అన్నయ్య నవ్వలేదు.

"బిగించే రోజు రావాలంటే ముందు మనం గెలవాలి కదమ్మా. అవతలివాళ్ళొస్తే యూనియనే ఉండదు. మిల్లు గేటు ముందు తుపాకులు మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. మీరు మన ఆసుపత్రి గేటు ముందు చెప్పిందీ మర్చిపోలేదు. మనిషి కాదు జలగ అన్నారు. ఇప్పుడు జలగకి ఓటెయ్యమంటున్నారు" అంది గంజి వదిన.

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి" అన్నాడు బాయిలరు మామ. "నాకెలాగూ పళ్ళు లేవు. మీరు చూసుకోండి."

మూలనుంచి ఒక మనిషి గొణిగింది, "పోనీ ఈసారి అవతలివాళ్ళకే వేసేస్తే పోదా."

"ఆ మాట మైకక్క మొహం చూసి అను" అని ఎవరో గద్దించారు. అన్న మనిషి తల దించుకుంది. మైకక్క కూడా తల దించుకుంది. తన పసుపుకుంకాలు పోయిన సంగతి అందరి ఓట్లకూ కాపలా కాయడం ఆమెకు ఎందుకో సిగ్గనిపించింది.

"ఎవరూ వద్దని నొక్కే మీటుందిగా" అంది ఇంకొకామె.

"నొక్కితే? ఎవడో ఒకడు రాకుండా పోతాడా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు తిరిగినా ఆ గదిలో గోడే తగులుతోంది. చివరికి అందరూ మడతల పిన్ని వైపు చూశారు. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"నా చెయ్యి కోసం ఓటు మార్చుకోమని నేను ఎవర్నీ అడగను" అంది పిన్ని. "అవతలివాళ్ళంటే నాకూ భయమే. ఓటంటే అడ్డం వెనకాల నొక్కేది, ఎవరి బాధ వాళ్ళకి తెలుసు. కానీ వాడి పేరు నా నోట పలికించకండి. అదొక్కటే అడుగుతున్నా."

తర్వాత అన్నయ్య చెల్లెల్ని మెట్ల కిందికి పిలిచాడు.

"ఆదివారం ఆసుపత్రి ఎదుటి మైదానంలో సభ. పైనుంచి పెద్దలొస్తున్నారు. నువ్వే అందుకోవాలి."

"కమ్మీల మాట?"

"ఎన్నికలయ్యేదాకా ఎత్తకు. గెలిచాక ఆయన మన మనిషే కదా, మన మాట వినడా?"

"మన మనిషా, అన్నయ్యా?"

అన్నయ్య గోడకు చేరగిలబడ్డాడు. "నాకు మాత్రం ఇష్టమా? నన్నడిగి ఇచ్చారా టికెట్టు? జీవితమంతా దీనికే పోశాను. ఆదివారం లాండ్రీవాళ్ళు నోరు మూసుకుంటే మొదట నన్ను పీకేస్తారు. అప్పుడు మీకున్న ఈ ఒక్క దిక్కూ ఉండదు. నీ కాళ్ళు పట్టుకోమంటావా?"

తండ్రిలాంటి అన్నయ్య నోట ఆ మాట వినలేకపోయింది మైకక్క. "అంత మాటెందుకు. వస్తాలే" అంది. అని, తిరిగి రోలరు దగ్గరికి వెళ్ళి, పిన్ని స్థానంలో వచ్చిన కొత్త మనిషికి దుప్పటి కొస అందించింది. ఆ పూటంతా ఆమె కళ్ళు ఆ కొత్త మనిషి వేళ్ళ మీదే ఉన్నాయి.

ఆదివారం సాయంత్రానికి మైదానం నిండింది. లాండ్రీ ఆడవాళ్ళు రారేమో అనుకుంది మైకక్క, రాకపోతే బాగుండనీ అనుకుంది. కానీ వచ్చారు. "నువ్వు రమ్మన్నాక రాకుండా ఉంటామా" అని వెళ్ళి మధ్యలో నిలబడ్డారు. ఏం చేస్తావని ఎవరూ అడగలేదు. అడిగితే ఏడ్చేసేదే.

వేదిక మీద పెద్దల మధ్య కాంట్రాక్టరు చేతులు జోడించి నిలబడ్డాడు. అన్నయ్య మైకు తెచ్చి చెల్లెలి చేతికిచ్చాడు.

"మన పార్టీ" అంది మైకక్క.

"వర్ధిల్లాలి" అంది మైదానం.

"అమరులకు."

"జోహార్లు."

పెనిమిటి గుర్తొచ్చాడు. తరవాతి మాట ఎవరి కోసమో తెలుసు. అన్నయ్య మొహం చూసింది. ఆ మొహం చూశాక కళ్ళు మూసుకుని అనేసింది.

"మన అభ్యర్థిని."

గెలిపించాలి అని రావాలి బదులు. వేదిక ముందు కుర్చీల్లో కూర్చున్న కొన్ని గొంతులు మాత్రం పలికాయి. వెనకనుంచి అక్కడో గొంతు, ఇక్కడో గొంతు. మైకు పాడైందేమోనని వేలితో తట్టింది. బాగానే పలుకుతోంది. మళ్ళీ అంది, "మన అభ్యర్థిని."

ఈసారి అంబులెన్సు డ్రైవర్లు కూడా ఊరుకున్నారు. వార్డులు ఊడ్చేవాళ్ళు ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం లాండ్రీవాళ్ళ దగ్గర మొదలై మైదానం చివరిదాకా పాకింది. ఇన్నేళ్ళలో తన పిలుపుకు బదులు రాకపోవడం మైకక్క ఎరగదు. కళ్ళు తెరిచింది.

గంజి వదిన చేతులు కట్టుకుని, పెదవులు బిగించి ఇటే చూస్తోంది. పక్కన మడతల పిన్ని. ఆ కళ్ళలో కోపం ఉంటుందనుకుంది మైకక్క. లేదు. ఇంటికి ఆలస్యమైన మనిషి కోసం అన్నం ముందు కూర్చుని ఎదురుచూసేవాళ్ళ కళ్ళలా ఉన్నాయవి. వాళ్ళు ఆమెను వదిలెయ్యలేదు. ఆమె కోసం ఆగారు.

సిగ్గుతో ఆమె ఒళ్ళు కుంచించుకుపోయింది. ఎవరి పేరు పలికించవద్దని ఒక్కటంటే ఒక్కటి అడిగిందో పిన్ని, వాడికి అందరి చేతా జేకొట్టించడానికే తను వేదిక మీద నిలబడి ఉంది.

కాంట్రాక్టరు నవ్వుతూ వచ్చి మైకు తీసుకున్నాడు. "మా అక్కచెల్లెళ్ళు పాపం అలిసిపోయారు. నేను గెలిచాక వీళ్ళందరికీ..."

"రోలర్లకు అడ్డకమ్మీలు" అంది మైకక్క.

మైకు అతని చేతిలో ఉంది. అయినా ఆమె మాటే వినబడింది.

"బిగించాలి" అంది మైదానం.

"పిన్నిని పనిలోకి."

"తీసుకోవాలి."

"చేతులు తిన్నవాడు మాకు."

"వద్దు."

ఆ కేకకు ఆసుపత్రి కిటికీ అద్దాలు కదిలాయి. వేదిక మీది పెద్దలు లేచారు. అన్నయ్య "చెల్లీ, ఆపు" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆపలేదు. అన్నయ్యను చూస్తే జాలి వేసింది, ఆపడం మాత్రం ఇక తన చేతిలో లేదనిపించింది.

పోలీసులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎన్నికల సభ చెడగొట్టారని పైపెద్దలు అక్కడికక్కడే ఫిర్యాదు చేశారు. ఇన్‌స్పెక్టరు అన్నయ్యను అడిగాడు, "ఈవిడ మీ పార్టీ మనిషేనా?"

అన్నయ్య కాంట్రాక్టరును చూశాడు, పెద్దల్ని చూశాడు, చెల్లెల్ని మాత్రం చూడలేదు.

"కాదండీ" అన్నాడు.

మైకక్కకు లోపల ఏదో తెగింది. పెనిమిటి శవాన్ని మోసుకొచ్చిన రోజున ఆమె తల నిమిరిన చెయ్యి ఇదే. "చల్లగా ఉండన్నయ్యా" అంది, అంతకంటే ఏమనాలో తోచక. వేదిక దిగింది.

ఆమెతోపాటు గంజి వదిననీ, అడ్డం వచ్చినందుకు బాయిలరు మామనూ వ్యానెక్కించారు. "ఈ వయసులో ఊరేగింపు. అదీ బండి మీద" అన్నాడు మామ. ఇరుకు వ్యాను, చిన్న జాలీ కిటికీ. తలుపు మూయగానే గాలి ఆడలేదు. ఇన్నేళ్ళ పుట్టిల్లు వెనక ఉండిపోయింది, ముందు స్టేషను ఉంది. రేపు పని ఉంటుందో లేదో తెలియదు.

"ఓటెవరికేస్తావక్కా?" మెల్లగా అడిగింది గంజి వదిన.

"తెలియదు వదినా" అంది మైకక్క. అరిచి అరిచి ఆమె గొంతు పోయింది, గుసగుస తప్ప రావడం లేదు. "నిజంగా తెలియదు. అది ఆ రోజు చూసుకుందాం, ఎవరి మనసుకి వాళ్ళం. రేపు పొద్దున్న రోలర్ల సంగతి చెప్పు. మనం లేకపోతే మనవాళ్ళు వాటిని ఆపుతారా?"

బయట తోపులాటలు, ఈలలు, లాఠీల చప్పుడు. వ్యాను కదలబోయింది, ఆగింది. ముందు ఆడవాళ్ళు కూర్చున్నారట, డ్రైవరు తిడుతున్నాడు. ఆ గోలలో ఎవరిదో సన్నని గొంతు లేచింది. అలవాటు లేని గొంతు, మధ్యలో పగిలింది, మళ్ళీ లేచింది. ఎవరిదో పోల్చుకోవడానికి మైకక్కకు కాస్త సమయం పట్టింది. ఎన్నడూ నలుగురిలో నోరెత్తని మడతల పిన్ని.

"రేపటినుంచి రోలర్లు" అంటోంది పిన్ని.

"తిరగవు" అంటున్నారు జనం.

మైకక్క కిటికీ జాలీ రెండు చేతులతో పట్టుకుంది. పిన్ని మళ్ళీ పిలిచింది. గొంతు లేకపోయినా, ఎవరికీ వినబడకపోయినా, ఈసారి అందరితోపాటు మైకక్క బదులిచ్చింది.

"తిరగవు."