వాల్వు దగ్గర నీరు కారుచున్నది

ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. వాల్వు చక్రం ఆఖరి చుట్టు తిరిగి ఆగగానే భూమిలో గొట్టాలు గుడగుడమన్నాయి. నీళ్లాయన నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడి, ఆ చప్పుడు వీధి చివరి దాకా పోయిందనిపించాక తలాడించాడు. తెల్లవారి ఐదున్నర. మరో పది నిమిషాల్లో మూడు వీధుల్లో బకెట్లు నిండటం మొదలవుతుంది. ఈ పని చెయ్యబట్టి ముప్పై రెండేళ్లు. ఆయన అసలు పేరు జీతాల పట్టీలో ఉంది; వీధిలో మాత్రం చిన్నా పెద్దా అందరికీ నీళ్లాయనే. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు.

వాల్వు కంఠం చుట్టూ నీరు కారకుండా బిగించిన నూలుతాడు అరిగిపోయి పదకొండేళ్లయింది. అక్కణ్నుంచి చుక్క తర్వాత చుక్క జారి, కింద సిమెంటు గట్టు మీద దోసెడంత గుంటలో నిలుస్తుంది. రోజంతా కారినా అర బకెట్టు కాదు. ఆ అర బకెట్టు మీద ఆధారపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. పొద్దున్నే తేనెటీగలు వస్తాయి. కాస్త ఎండెక్కాక పిచ్చుకలు. ఆ తర్వాత గోరింకల జంట. ఆ జంట రావడమే పోట్లాడుకుంటూ వస్తుంది. తిట్టుకుంటూ తాగి, తిట్టుకుంటూనే పక్కపక్కన ఎగిరిపోతుంది.

నీళ్లాయన సంసారం నేర్చుకున్నది వాటి దగ్గరే. అంతకుముందు భార్య కోప్పడితే చెప్పులేసుకుని వీధిలోకి పోయేవాడు. మగ గోరింక ఎక్కడికీ పోదు, నాలుగు మాటలు పడి అక్కడే నిలబడుతుంది. వాటిలో ఏది మగదో ఆయనకి తెలియదనుకోండి, నోరు మూసుకున్నది మగదని లెక్క. ఆయనా నిలబడటం మొదలుపెట్టాడు. తేనెటీగల సంగతి వేరు. లోతు నీళ్ల జోలికి పోవు, తడి అంచున కూర్చుని పట్టినంతే తాగుతాయి. పై ఉద్యోగానికి పరీక్ష రాయమని అందరూ పోరిన రోజుల్లో ఆయన వాటి వంక చూసి ఊరుకున్నాడు. అది జ్ఞానమో బద్ధకమో భార్య ఇప్పటికీ తేల్చలేదు.

అలాగని డ్యూటీ ఎగ్గొట్టే మనిషి కాదు. ఏటా వేసవి రాగానే రిజిస్టరులో రాసేవాడు: "వాల్వు దగ్గర నీరు కారుచున్నది. తగు చర్య తీసుకోగలరు." రాస్తే తన తప్పు ఉండదు. రాసినంత మాత్రాన ఎవరూ రారని కూడా తెలుసు. పదకొండేళ్లలో ఎవరూ రాలేదు. ఆఫీసు మీద ఆయనకి అంత గట్టి నమ్మకం.

ఆ నమ్మకం వమ్మయింది పదకొండు గంటలకి. ఇంజనీరు గారు జీపు దిగారు. వెనకే సామాన్ల పెట్టెతో ఫిట్టరు, ఆ వెనక రేపటి నుంచి ఈ పని చూడబోయే ఆవిడ. వేరే పంపుహౌసులో పదిహేనేళ్లు చేసి బదిలీ మీద వచ్చింది.

"పాపం, రాసి రాసి మీ చెయ్యి పడిపోయింది. పోయేలోపు ఇదొక్కటైనా చేసిపెట్టాలని నేనే పట్టుబట్టాను," అన్నారు ఇంజనీరు గారు. మొహం వెలిగిపోతోంది.

నీళ్లాయన గబగబా వాల్వుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. సంతోషం పట్టలేక అనుకున్నారందరూ.

"ఇంత ఎండలో ఇప్పుడెందుకండీ, తర్వాత చూసుకోవచ్చు కదా," అన్నాడు.

"ఆఖరి రోజు కూడా మొహమాటమేనా!" అని ఫిట్టరు పెట్టె తెరిచాడు.

ముప్పావు గంటలో పాత తాడు పోయి కొత్తది వచ్చింది. చుక్క ఆగిపోయింది. ఆయన మీది గౌరవం కొద్దీ ఫిట్టరు గుంటలో నీళ్లు కూడా గుడ్డ పెట్టి పొడిగా తుడిచాడు. చుట్టూ చేరిన వీధి జనంతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరు గారు రంగుకాగితం విప్పి పెద్ద స్టీలు ట్రే చేతిలో పెట్టారు. "ముప్పై రెండేళ్ల సేవకు అభినందనలతో" అని చెక్కి ఉంది. పక్కనే ఉన్న క్వార్టర్లోంచి వచ్చిన భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి, "మొహం చూసుకోవడానికి పనికొస్తుంది," అంది. కొత్తావిడని అక్కడే దింపి, నవ్వులతో జీపు వెళ్లిపోయింది.

జనం తగ్గాక గోరింకలు దిగాయి. ఎండిన గట్టు మీద రెండడుగులు వేసి వాల్వు వంక చూశాయి. పోట్లాడుకోలేదు. నోరు మెదపని ఆ జంటని చూసి ఆయన తన కుడిచేతి వంక చూసుకున్నాడు. పదకొండుసార్లు రాసింది తన చెయ్యే కదా.

మధ్యాహ్నం సామాను లారీకెక్కడం మొదలైంది. కొత్త ఇల్లు ఊరవతల, రెండో అంతస్తులో. ఇక్కడికి రావాలంటే మూడు బస్సులు మారాలి. భార్య ఆఖరి మూట కడుతుండగా ఆయన పానా తీసుకుని వాల్వు దగ్గరికి నడిచాడు. నట్టు పావు చుట్టు వదులు చేస్తే చాలు, మళ్లీ చుక్క కారుతుంది.

"ఏంటన్నయ్యా, బిగించినదాన్ని విప్పుతున్నారు?"

కొత్తావిడ. ఆయన దొరికిపోయిన దొంగలా నిలబడి, తేనెటీగల దగ్గర మొదలుపెట్టి గోరింకల దాకా అంతా చెప్పేశాడు. ఆవిడ గట్టు మీద కూర్చుని ఓపిగ్గా విన్నది.

"రేపు నా మొదటి రోజన్నయ్యా. మొదటి రోజే కారితే నన్ననరూ?"

"అంటారమ్మా."

"అయినా వాటికి కావలసింది నీళ్లా, లీకా? గిన్నెలో పోసి పెడితే తాగవూ?"

నీళ్లాయన పానా కిందికి దించాడు. మూడు వీధులకి నీళ్లు వదిలిన మనిషికి పదకొండేళ్లుగా ఆ ముక్క తట్టలేదు. కారేది కారుతోంది కదా అని చూస్తూ కూర్చున్నాడంతే. సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. అది చూసి ఆవిడా నవ్వింది.

"రోజూ నింపుతావా అమ్మా?"

"రోజూ వచ్చేది నీళ్లు వదలడానికేగా, ఆ చేత్తోనే పోస్తాను. రిజిస్టరులో మాత్రం రాయను."

గిన్నె కోసం వెళితే, గిన్నెల మూట అప్పటికే లారీలో అడుగున పడింది. "ఇప్పుడు విప్పమన్నారంటే ఊరుకోను. పొద్దుటి నుంచి ఒక్కదాన్నే కట్టాను," అంది భార్య. ఆయన ఎక్కడికీ పోలేదు. నాలుగు మాటలు పడి అక్కడే నిలబడ్డాడు. ఏ మూటలోనూ పట్టక ఆవిడ చంకలో మిగిలిన ట్రే మీద ఆయన చూపు పడింది. ఆవిడకి అర్థమైంది.

"మరి నా మొహం ఎందులో చూసుకోను?"

"నేను చూస్తాలే."

"చాల్లెండి సరసం," అంటూ ఇచ్చేసింది.

ఆయన ట్రేని గట్టు మీద పెట్టి, తేనెటీగలు మునిగిపోకుండా నిలబడేందుకు గులకరాళ్లు ఏరి పరిచాడు. కొత్తావిడ మగ్గుతో నీళ్లు పోసింది. లారీ హారను మోగింది. ఆయన ఎక్కి భార్య పక్కన కూర్చున్నాడు. మెడ చాచి చూసినంతసేపూ గట్టు మీద ఒక్క రెక్క కూడా వాలలేదు. లారీ మలుపు తిరిగింది.

సాయంత్రం ఐదింటికి గోరింకల గోల మొదలైంది. గట్టు మీద ట్రే తళతళలాడుతోంది. రాళ్ల మధ్య నీళ్ల అడుగున "ముప్పై రెండేళ్ల సేవకు" వరకే చదవడానికి వీలవుతోంది, మిగతా అక్షరాల మీద ఓ గోరింక కాళ్లు పెట్టుకుని రెండోదాన్ని దగ్గరికి రానివ్వడం లేదు.