మనోహర్‌కు కాకి ముట్టలేదు

సిద్దిపేట పాత బస్టాండు వెనక గల్లీలో గురువారం పొద్దుగూకితే చాలు, బీడీలు చేసే ఆడవాళ్ళంతా చాటలు చంకన పెట్టుకుని మైమూనా ఇంటికి చేరేవాళ్ళు. మైమూనా భర్త హనీఫ్ దర్జీ. పెళ్ళిళ్ళకు షేర్వాణీలు కుట్టి కుట్టి, ముచ్చటపడి ఒక టీవీ కొన్నాడు గానీ, దాన్ని కుదురుగా చూసే యోగం అతని నొసట రాసి లేదు. ఆ రోజుల్లో గల్లీ మొత్తానికి అదొక్కటే టీవీ. గురువారం సీరియల్ మొదలైందంటే పాపం కుట్టుమిషన్ అరుగు మీదికి జరుపుకుని, వచ్చేపోయే ఎడ్లబండ్లను చూస్తూ కూర్చునేవాడు.

లోపల ముందు వరసలో చంద్రవ్వ కూర్చునేది. చాటలో తంబాకు, ఒడిలో తునికాకు, నోట్లో తిట్లు. ఆ తిట్లన్నీ ఒక్కడికే. సీరియల్లో మనోహర్ అని ఒక విలన్ ఉన్నాడు. అన్న రాసిన పాటలు ఎత్తుకుపోయి, పట్నంలో తనవేనని పాడి పేరు తెచ్చుకున్న ఘనుడు. పేరంటే వాడికి ఎంత పిచ్చో చెప్పనలవి కాదు. తన దండలు తనే కొని, కూలికి మనుషుల్ని పెట్టి, రైలు దిగగానే మెళ్ళో వేయించుకునేవాడు. అన్న దగ్గుతో మంచం పట్టాడని కబురొస్తే, ఆ రోజు పేపరు వాళ్ళు ఫొటో తీయడానికి వస్తున్నారని వెళ్ళలేదు. వాడు పట్టు లాల్చీ వేసుకుని తెర మీదికి రాగానే చంద్రవ్వ చేతిలో బీడీకి దారం బిగిసిపోయేది. "నీ నోట్లె మన్నువొయ్య, నీ పాడెగట్ట" అని ఆమె అందుకుంటే టీవీ మాటలు వినపడక వెనక వరస వాళ్ళు గొణుక్కునేవాళ్ళు. విలన్‌ను తిట్టడం అందరూ చేసే పనే. చంద్రవ్వ మాత్రం పగబట్టింది.

ఆ పగకు మూలం టీవీలో లేదు, ఆమె ఇంట్లోనే ఉంది. మొగుడు పర్శరాములు తాళ్ళెక్కే గౌండ్లాయన. మంచివాడే. అతని కల్లులో కల్తీ లేదు, మనసులో కల్మషం లేదు. ఉన్న జబ్బల్లా మైకు. బోనాలైనా, ఎలక్షన్లయినా, పిల్లి పెళ్ళయినా సరే, మైకు కనపడితే అతని కాళ్ళు ఆగవు. గొంతు మాత్రం దేవుడిచ్చిన గొంతు, కాదనడానికి లేదు. పోయిన చలికాలం ఆ గొంతు సంగతి ఎవరి ద్వారానో తెలిసి, హైదరాబాదు టీవీ వాళ్ళు పల్లె పాటల కార్యక్రమానికి పిలిచారు. పర్శరాములు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, చంద్రవ్వ కట్టిన పాట పాడాడు. పెళ్ళైన కొత్తలో, అతను తాటిచెట్టెక్కి దిగేదాకా గుండె గుప్పిట్లో పెట్టుకున్న రోజుల్లో ఆమె కట్టిన పాట అది.

పాట అయిపోయాక టీవీలో ఒకాయన, చాలా బాగుంది, ఎవరు కట్టారని అడిగాడు. మైమూనా ఇంట్లో గల్లీ అంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. చంద్రవ్వ కొంగు సవరించుకుంది. తెర మీద పర్శరాములు మీసం దువ్వి, "నేనే సారు, చెట్టు మీద కూసోని కట్టిన" అన్నాడు.

అదే ఆఖరు. ఆ రోజు నుంచి చంద్రవ్వ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. వండిపెట్టేది, బట్టలు ఉతికేది, చెప్పాల్సింది మాత్రం వాకిట్లో తిరిగే కోడికి చెప్పేది. కారంపొడి నిండుకుందని కోడితో అంటే పర్శరాములు బుద్ధిగా తెచ్చేవాడు. చేసింది తప్పని అతనికి తెలుసు. ఒప్పుకుందామని నోరు తెరిచేవాడు కూడా. కానీ అప్పటికే ఊళ్ళో అందరూ "టీవీ పర్శరాములు" అని పిలుస్తున్నారు. ఆ పిలుపు చెవికి ఎంత తియ్యగా ఉందంటే, తెరిచిన నోరు అట్లాగే మూతపడేది. చంద్రవ్వ అతన్ని తిట్టలేక మనోహర్‌ను తిట్టింది. ఈ సంగతి గల్లీలో పిల్లాజెల్లాకు తెలుసు. ఆమెకూ తెలుసేమో గానీ, అడిగితే ఒప్పుకునే రకం కాదు.

రానురాను సీరియల్లో మనోహర్ రాత తిరగబడింది. కొత్త పాటగాళ్ళు వచ్చారు, దండలు వేసేవాళ్ళు కరువయ్యారు. ఒక గురువారం వాడు ఒంటరిగా కూర్చుని, టేప్‌రికార్డర్లో తన పాత కచేరీ చప్పట్లు మళ్ళీ మళ్ళీ వేసుకుని వింటున్నాడు. ఎదురుగా వెండి పళ్ళెంలో ఉడికించిన గుడ్లు, వాడికి ప్రాణమైనవి, ముట్టకుండానే చల్లారిపోతున్నాయి. మైమూనా ఓణీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"గట్ల సూడు చంద్రవ్వా. ఇంట్ల అన్ని ఉన్నయి, తిను బిడ్డా అనేటోళ్ళు లేరు. చప్పట్లు తిని బతికిండు బేచారా. గసొంటోని మీద జాలి గాక ఏమొస్తది?"

"జాలి వాళ్ళన్న మీద సూపియ్యి మైమూనా. దొంగకు ఆకలైతె దొంగతనం ఒప్పైతదా?"

"ఒప్పంటలేను. ఆకలంటున్న."

చంద్రవ్వకు ఒళ్ళు మండింది. తన వైపు ఉంటుందనుకున్న మనిషి విలన్ వైపు తిరిగితే ఎవరికి మండదు? చాట దులిపి లేచి, "వాన్ని లారీ గుద్దిపోను, పీడ వోతది" అని వెళ్ళిపోయింది.

తరువాతి గురువారం మనోహర్ రోడ్డు దాటుతున్నాడు. అవతలి గోడ మీద సగం చిరిగిన తన పోస్టరు కనపడింది. దాన్ని చూసుకుంటూ అడుగు వేశాడు. లారీ గుద్దింది.

మైమూనా ఇంట్లో టీవీని చూసేవాళ్ళు ఎవరూ లేరు. అందరూ చంద్రవ్వనే చూస్తున్నారు. గల్లీలో పుట్టుకలకూ చావులకూ పెద్దదిక్కైన పోచవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుని, నీ నోరు మంచిది కాదు పిల్లా, శాపం తగిలిందని తేల్చేసింది. శాపం పెట్టినవాళ్ళే మూడోనాడు పిట్టకు పెట్టాలట, పోయినవాడికి ఇష్టమైనవి వండి కాకికి వేయాలట. లేకపోతే పోయినవాడు వచ్చి వాళ్ళ నెత్తినే కూర్చుంటాడట.

మైమూనా నవ్వి, అది ఉత్త యాక్టింగు, ఆ యాక్టరు హైదరాబాదులో నిక్షేపంగా బిర్యానీ తింటుంటాడని చెప్పింది. చంద్రవ్వకు ఆ మాత్రం తెలియక కాదు. యాక్టరుకేం, పెళ్ళాం పిల్లలు ఉండి ఉంటారు. కానీ మనోహర్ పోయాడు కదా, వాడికెవరున్నారు? మంచం దిగిన వాళ్ళన్న, దండ వేసిన తమ్ముడి ఫొటో ముందు కాసేపు కూర్చుని లేచాడు. పిట్టకు పెట్టినట్టు సీరియల్లో ఎక్కడా చూపించలేదు. ఆరునెలలు నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి ఆకలితో పోయాడన్న ఆలోచన ఆమెను ఆ రెండు రోజులూ నిలవనీయలేదు. పోయాక వాడి మీద కోపం వెతుక్కుంటే దొరకలేదు, అదీ ఆమె భయం.

శనివారం పొద్దున్నే చంద్రవ్వ అన్నం వండింది. గుడ్లు ఉడకబెట్టింది, నాలుగు గారెలు వేసింది. కోడిని పిలిచి, పోయినోనికి ముంతెడు కల్లు కావాలని చెప్పింది. ఎవరు పోయారో పర్శరాములుకు తెలుసు, గల్లీ అంతా అదే ముచ్చట. ఒక్క మాట అడగకుండా ఉన్నవాటిలో మంచి చెట్టు కల్లు దించి తెచ్చాడు. పెరటి గోడ మీద విస్తరి పరిచి వండినవన్నీ పెట్టారు. నవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా విస్తరి చూశాక కొంగులు నెత్తి మీదికి లాక్కున్నారు. పద్ధతి పద్ధతే కదా.

కరెంటు తీగ మీద రెండు కాకులు వచ్చి వాలాయి. చూశాయి. అంతే, కదల్లేదు. మామూలు రోజుల్లో పిల్లల చేతిలోంచి రొట్టె ఎత్తుకుపోయే కాకులు, గుడ్లు కళ్ళ ముందు పెట్టుకుని యోగుల్లా కూర్చున్నాయి.

కాకి ముట్టలేదంటే పోయినవాడికి కోరిక మిగిలి ఉంది, అదేదో చెప్పి తీరుస్తామని మాటివ్వాలని పోచవ్వ గుర్తు చేసింది. మనోహర్ కోరిక తెలియనిదెవరికి? ఒకామె నీ ఫొటో పేపర్లో వేయిస్తామంది. కాకులు ముక్కులు తీగకు రాసుకున్నాయి. వాడికి కావలసింది చప్పట్లు కదా అని మైమూనా మొదలుపెట్టింది. అందరూ కలిసి గట్టిగా కొట్టేసరికి రెండు కాకులూ హడలి హనీఫ్ ఇంటి కప్పు మీదికి ఎగిరిపోయాయి. పోచవ్వ తల కొట్టుకుంది.

చంద్రవ్వ విస్తరి ముందు నిలబడి ఆలోచించింది. చప్పట్లు వాడికి చాలానే దొరికాయి. కూలి చప్పట్లు, నిజం చప్పట్లు అన్నీ తిన్నాడు. మరి ఎందుకు కడుపు నిండలేదు? పాట ఎవరిదో తెలిసిన మనిషి ఒక్కరూ వాడి దగ్గర కూర్చుని బాగా పాడావని అనలేదు. అనాల్సిన అన్ననే వాడు దూరం చేసుకున్నాడు. చలికాలం నుంచి తను కూడా ఆ మాట నోట్లోనే కుక్కుకుంది.

"మంచిగ పాడినవురా," అంది. "పాట నీది గాదు. అది ఎన్నటికీ నీది గాదు. గొంతు మాత్రం నీదే. నువ్వు పాడుతుంటె నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. అబద్దమెందుకాడాలె."

ఆ మాటలు ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలాయి. వెనక కల్లుముంత పట్టుకుని నిలబడ్డ పర్శరాములు ముంత మైమూనా చేతికిచ్చి, బోర్లించి ఉన్న నీళ్ళ గాబు మీదికి ఎక్కాడు. తాటిచెట్టు మీంచి నాలుగు పొలాల అవతలికి కేకేసే గొంతుతో మాట్లాడాడు.

"ఇనున్రి. నేను, గౌండ్ల పర్శరాములు, చెప్తున్న. టీవీల నేను పాడిన పాట నేను కట్టలే. నా పెండ్లాం చంద్రవ్వ కట్టింది. పేరు మీద ఆశతోని అబద్దమాడిన. తప్పు నాది."

అవతల హనీఫ్ మిషన్ ఆపేశాడు. పక్క గల్లీ వాళ్ళు కూడా గోడల మీంచి తలలు పెట్టారు. ఎవరో చప్పట్లు కొట్టారు, అందరూ అందుకున్నారు. అంతే, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? పర్శరాములు రెండు చేతులూ జోడించి, ఇటు ఒకసారి, అటు ఒకసారి వంగి దండాలు పెట్టడం మొదలుపెట్టాడు. తప్పు ఒప్పుకున్నవాడిలా లేడు, ఎలక్షన్ గెలిచినవాడిలా ఉన్నాడు. చంద్రవ్వకు నవ్వాగలేదు. ఈ మనిషి ఇంతే, దేవుడు గొంతుతో పాటు ఈ ఆకలి కూడా కలిపి ఇచ్చాడు. ఒకటి తీసేసి ఇంకొకటి ఉంచుకోవడం ఎవరి తరం?

"ఇగ సాలు, దిగు," అంది.

అతను గాబు మీదే ఆగిపోయాడు. చుట్టూ చూసి, ఆ మాట తనకేనని నమ్మకం కుదిరాక దిగాడు.

అప్పుడు చూస్తే విస్తరిలో గుడ్లు లేవు. ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు పోయాయో, కాకులు గారెను కూడా సగం కొరికి వదిలాయి. చంద్రవ్వ మాటకు వచ్చాయని మైమూనా, పర్శరాములు మాటకని పోచవ్వ అక్కడే వాదం పెట్టుకున్నారు. చంద్రవ్వ ఆ వాదంలోకి పోలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఇంకొకటున్నది. టీవీల పాట తప్పు పాడినవు."

"ఏడ?" అన్నాడు పర్శరాములు. పేరు పోయినందుకు కాదు గానీ, పాట తప్పినందుకు అతని మొహం పాలిపోయింది.

ఆమె మెల్లగా పాడింది:

"తాటి మీద నువ్వున్నవు, తలుపు కాడ నేనున్న
దిగినంక చెప్పు మామ, దిక్కులన్ని ఏమన్నయో"

"నువ్వేమో తలుపు చాటు నేనున్న అన్నవు. నేనెన్నడు చాటుకుండలే. అందరు సూడంగ తలుపు కాడ్నే నిలవడ్డ. పేరు చెప్పకపోతివి, పోనీ అనుకున్న. నన్ను తలుపు ఎనకకు తోస్తివి, అదే మనసుకు వట్టింది."

పర్శరాములు అక్కడే పెరట్లో, మైకూ లేదు టీవీ లేదు, పాట మొదలుపెట్టాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగి ఆమె వైపు చూశాడు. ఆ మాట చంద్రవ్వే పాడింది.