సరిపడే ధైర్యం

మా తరగతి గది మళ్ళీ పొడుగైంది. నిన్న గుమ్మం నుంచి నా బల్ల దాకా నాలుగడుగులే. ఇవాళ బల్ల కనిపించడం లేదు, దానిమీద పడే ఎండ మాత్రం చాలా దూరంగా కనిపిస్తోంది.

ఇందులో వింతేమీ లేదు. నాకు తలసీమియా. ఒంట్లో రక్తం తగ్గినప్పుడల్లా గది ఇలాగే సాగుతుంది. ఆసుపత్రిలో ఎవరిదో రక్తం ఎక్కించుకుని వస్తే మళ్ళీ తన కొలతకి వస్తుంది. అయితే నేను నిన్ననే ఎక్కించుకున్నాను. మరి గది ఎందుకు తగ్గలేదో అర్థం కావడం లేదు.

లోపల పబ్లిక్ పరీక్ష మొదలవబోతోంది. గంట కొట్టేలోగా బల్ల దగ్గర లేకపోతే ఏడాది పోయినట్టే. మిగతావాళ్ళు నన్ను దాటుకుంటూ వెళ్ళి చటుక్కున కూర్చుంటున్నారు. వాళ్ళకి గది మామూలుగానే ఉంది కాబోలు.

లెక్కల మాష్టారు అప్పలనాయుడుగారు నా కంటి రెప్ప కిందికి లాగి చూస్తారు. రక్తం బాగానే ఉందట, తగ్గింది ధైర్యమట. ప్యూనును గంట కొట్టకుండా ఆపి, వరండాలోనే ధైర్యదాన శిబిరం పెట్టిస్తారు.

మడత మంచం వస్తుంది, సంచీలు వేలాడే స్టాండు వస్తుంది, ఆసుపత్రి నుంచి సరోజిని సిస్టరు వస్తుంది. వెనకాలే అమ్మ పులిహోర గిన్నెతో వస్తుంది. నాకు రక్తమిచ్చినవాళ్ళకి అమ్మ ఎప్పుడూ పులిహోర పెడుతుంది. ఆసుపత్రి బిస్కెట్లు ఒంటికి పట్టవని ఆవిడ నమ్మకం.

ముందుగా ప్రిన్సిపాల్‌గారు పడుకుంటారు. పిడికిలి బిగించి వదులుతూ, మనసు గట్టిదైతే జబ్బు ఓ లెక్కా అని ఉపన్యసిస్తారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆయన ధైర్యం నారింజ రంగులో, నురగలు కక్కుతూ సంచీలోకి దిగుతుంది. నాకు ఎక్కించగానే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. గది ఇంకాస్త సాగుతుంది. సరిపడలేదని సిస్టరు సూది పీకేస్తుంది.

తరువాత ఒక్క క్లాసూ ఎగ్గొట్టని యశస్విని. ఆమెది పాకంలా చిక్కగా ఉండి గొట్టంలోనే ఆగిపోతుంది. పాపం, నాకంటే ఆమే ఎక్కువ నొచ్చుకుంటుంది.

అమ్మ ఎవరూ అడక్కుండానే చెయ్యి చాపుతుంది. సిస్టరు నరం వెతికి వెతికి తల అడ్డంగా ఊపుతుంది.

"నీదంతా ఎప్పుడో పిల్లకే ఎక్కించేశావమ్మా. ఇంకేటుంది నీకాడ?"

అమ్మ చీర చెంగు లాక్కుని చెయ్యి కప్పుకుంటుంది. నాకు ఏడుపొస్తుంది. అదంతా నాలో ఎక్కడుందో నాకు కనిపించదు.

అప్పుడు నూకరాజు దొరుకుతాడు. లెక్కలు తప్పి, మళ్ళీ రాయడానికి మా పక్కన కూర్చునే సీనియరు. వరసలో నిలబడకుండానే పులిహోర తినేశాడు. దానం చెయ్యనివాడు అమ్మ గిన్నె ముట్టకూడదని అతనికి తెలీదు. చేతికంటిన పోపు చూసుకుని, ఇక తప్పదని మంచమెక్కుతాడు.

"నాకాడ ధైర్యమేటీ లేదు సిస్టరూ. పరీక్షంటే కాళ్ళు వొణుకుతాయి. తప్పుతాను. మళ్ళీ వస్తాను. అంతే."

సంచీలోకి దిగినదానికి రంగు లేదు. నీళ్ళలా ఉండి, ఉండుండి వణుకుతోంది. నా చేతిలోకి చల్లగా దిగుతుంది. దద్దుర్లు లేవవు. సరిపడింది.

కానీ నా భయం పోలేదు. పైగా అతని వణుకు కూడా నా కాళ్ళలో చేరింది. గది జానెడు కూడా తగ్గలేదు. అదే సిస్టరుతో చెబుతాను.

"తగ్గుద్దని ఎవరన్నారే?" అంటుంది.

నాకు ఒళ్ళు మండుతుంది. స్టాండు పట్టుకుని నడక మొదలుపెడతాను. అలిసినచోట కూలబడతాను, లేస్తాను. వెనక అమ్మ, తన చేతిలోని గిన్నె అంత చిన్నదైపోతుంది. ప్యూను గంట మీదికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఎంతసేపు ఆపగలడో తెలియదు.

ఎదురుగా ఏదో కుంటుకుంటూ వస్తోంది. నా బల్ల. చెక్క మీద సుద్దతో రాసింది నా నంబరే. నేను రాలేదని అదే బయలుదేరినట్టుంది. దానికీ గది ఇంతే పొడుగని నాకు ఇంతవరకూ తట్టలేదు. కొంచెం దూరంలో ముందు కాళ్ళు మడిచి కూలబడి, వగరుస్తుంది.

నేనూ పక్కన కూర్చుంటాను. సంచీలో ఇంకా సగం ఉంది. సూది నా చేతిలోంచి తీసి, బల్ల కాలు మీద తట్టి నరం కోసం వెతుకుతాను. పిడికిలి బిగించమంటాను.

బల్ల కాసేపు ఆలోచిస్తుంది. తరువాత దాని నాలుగు కాళ్ళ చివరా లేత చేతివేళ్ళు మొలుస్తాయి. అవి ఒక్కొక్కటే ముడుచుకుంటాయి.