ఎర్రగుర్తు పడ్డ స్టాపులు

ఆటలు పనిలేనివాళ్ళకే అనే పెద్దమనుషులు ఒక్కరోజు నూలుమిల్లులో నిలబడి చూడాలి. అక్కడ తెగిన దారాలు ముడేసే ఆమెకు తోటివాళ్ళు పెట్టిన పేరు తుపాకీ. పగలంతా సూపర్‌వైజర్ తిట్లకు "సరే సార్, అలాగే సార్" అని తలూపి, ఇంటికి రాగానే ఫోన్ తీసి బొమ్మ శత్రువుల్ని పిట్టల్లా రాల్చేది. అప్పటిగ్గాని ముద్ద దిగేది కాదు. అందులో తప్పేముంది? తిట్టినవాడి మీద విసరలేని రాయి ఎక్కడో ఒకచోట విసరాలిగా.

ఆమె మొగుడు సిటీ బస్సు డ్రైవర్. ఆయన పిచ్చి వేరు. పగలంతా బస్సు తోలి, ఇంటికొచ్చి ట్యాబులో మళ్ళీ బస్సే తోలేవాడు.

"రోజంతా మేసింది చాలక ఇంటికొచ్చి నెమరేస్తున్నావా ఏమయ్యా?" అనేది.

"ఇక్కడ నన్ను తరిమేవాడు లేడే. పరిగెత్తుకొచ్చే మనిషి కనిపిస్తే ఆగుతాను. రోడ్డు మీద అలా ఆగితే డిపోలో మెమో ఇస్తారు."

"మరి గెలిచేదెప్పుడు?"

"అందరూ ఎక్కినప్పుడు."

"ఎక్కాక?"

"దింపుతాను."

"నీ తల! ఇదీ ఒక ఆటేనా? ఆటంటే అవతలివాడు పడాలి."

ఆ ఆటలో రోడ్లూ, స్టాపులూ మనమే పెట్టుకోవచ్చు. ఆయన తన పాత రూటునే పెట్టుకున్నాడు. నష్టమొస్తోందని ఆ రూట్లో చిన్న స్టాపులన్నీ బస్సు కంపెనీ ఎత్తేసి, దాన్ని ఎక్స్‌ప్రెస్ చేసింది. ముసలివాళ్ళెలా వస్తారని డిపో గేటు ముందు ఎండలో బైఠాయించాడు. నోరెక్కువైందని వేరే రూట్లోకి నెట్టారు. అప్పట్నుంచి పోయిన స్టాపుల్ని ఒక్కొక్కటే ట్యాబులో నిలబెట్టుకుంటూ వచ్చాడు. బోర్డు కూడా లేనివి కొన్ని. ఎవరి గుమ్మం ముందు ఎవరి కోసం ఆగాలో ఆయనకే ఎరుక. "చూడవే, ఇదెక్కడో చెప్పు" అని చూపించబోతే, ఆమె తుపాకీ మీంచి కళ్ళు తిప్పకుండానే "ఆఁ, ఆఁ" అనేది.

ఒక పొద్దున బస్సు మెట్టెక్కుతూ పడిపోయాడు. కుడిపక్క చచ్చుబడింది. నాలుక మొద్దుబారింది.

ఆసుపత్రి వరండా బల్ల మీద కూర్చుని ఎవర్నీ కాల్చడానికి ఆమెకు చేతులు రాలేదు. ఆయన ట్యాబు తెరిచింది. చిన్న స్టాపులన్నిటి మీదా నష్టమని ఎర్రగుర్తులు. బస్సెప్పుడూ ఆలస్యం. ఇన్నాళ్ళూ తోలి సంపాదించింది ఒక్క నక్షత్రం. పిచ్చి మారాజు, ఎన్నడూ గెలవలేదు! నేను గెలిపిస్తాను, గెలిస్తే లేచి కూర్చుంటాడు అని ఏదో మొక్కులాంటిది మనసులో కట్టుకుంది. ఎర్రగుర్తున్న స్టాపు కనబడితే చాలు, తీసి పారేసింది. శత్రువుల్ని రాల్చిన వేళ్ళేగా, తడబడలేదు. బస్సు దూసుకుపోయింది. తెరనిండా నక్షత్రాలు. ఆ బల్ల మీదే కొంగులో మొహం దాచుకుని సంతోషంతో ఏడ్చింది.

ఆయన్ని ఇంటికి తెచ్చాక, డిపోలో ఆయన స్నేహితుడు కండక్టర్ చూడవచ్చాడు.

"ఏం అన్నా, నువ్వు లేక డిపోలో మేనేజర్ని తిట్టే దిక్కే లేదు. నేను తిడితే ముద్దుగా ఉందంటున్నాడు."

డ్రైవర్ పెదవి ఒక పక్కకే నవ్వింది. ఇదే సమయమని ఆమె ట్యాబు తెచ్చి ఒళ్ళో పెట్టింది. "చూడయ్యా, నీ బస్సు గెలిచింది!"

ఎడమచేతి వేలితో బస్సు కదిపాడు. కొంతదూరం పోయి, వెనక్కి జరిపాడు. మళ్ళీ పోయాడు. మళ్ళీ జరిపాడు. ఆమె వైపు చూశాడు.

"స్టా... పు..."

"తీసేశానయ్యా. అన్నీ నష్టంలో ఉన్నాయిగా. ఒకళ్ళిద్దరు ఎక్కే స్టాపులు ఎందుకని..."

కండక్టర్ తలొంచుకున్నాడు. "వదినా, మేనేజరన్నదీ ఈ మాటే. ఈ మాట మీదే అన్న ఎండలో కూర్చున్నాడు."

"ఆటే కదా తమ్ముడూ..." అంటూ ట్యాబు అందుకుని వెతికింది.

తీసేసింది వెనక్కి తెచ్చే దారి ఆ ఆటలో లేదు. మళ్ళీ ఒక్కొక్కటీ పెట్టాల్సిందే. "ఎక్కడెక్కడ పెట్టాలి తమ్ముడూ?"

"నేను ఆ రూట్లో ఎప్పుడూ డ్యూటీ ఎక్కలేదు వదినా. అన్నకే తెలుసు."

అన్నకు నోరు లేదు. రోజూ చెప్పినవేగా, ఒక్కటైనా గుర్తు తెచ్చుకుందామని చూసింది. తన "ఆఁ, ఆఁ"లే గుర్తొచ్చాయి.

"చెప్పయ్యా. చూపించు చాలు, నేను పెడతాను."

ఆయన వేలు రోడ్డు మలుపు దగ్గర ఆగింది. "మి..."

మిల్లు గేటు.

ఆమె మిల్లులో కొత్తగా చేరిన రోజుల్లో, జుట్టునిండా దూదిపింజెలతో పరిగెత్తుకొచ్చే పిల్ల కోసం నిండు బస్సు ఆపాడు. లోపలివాళ్ళు శాపనార్థాలు పెడుతున్నా కదలని ఆ డ్రైవర్నే చేసుకుంది. ఆ స్టాపులో తెర మీద ఒక్క బొమ్మే నిలబడి ఉండేది. ఒక్కదాని కోసం బస్సెందుకని తీసేసింది తనే.

స్టాపు పెట్టింది. ట్యాబు ఆయన చేతికిచ్చింది. ఆయన వేలు దానికి తగల్లేదు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కండక్టర్ చెప్పులేసుకుని చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

తెర మీద మిల్లు గేటు దగ్గర బస్సు తలుపు తెరుచుకుని నిలబడి ఉంది. ఎక్కేవాళ్ళు లేరు. ఆలస్యమైపోతోందని ఆట మొత్తుకుంటోంది. నక్షత్రాలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి.

ఆమె రాలనిచ్చింది.