చేతులు కడుక్కునే మనిషి

మద్దిలేటి చేతులు కడుక్కుంటున్నాడు. నల్లా కింద వేళ్ళను ఒక్కొక్కటిగా తోముకుని, వెనక్కి చూడకుండా దోసిట్లో నీళ్ళు పట్టి ముఖాన చల్లుకున్నాడు. బాలింతరాలైన అక్కను చూడవచ్చిన ఒక అమ్మాయి ఈలోగా వార్డు గేటు దాటి లోపలికి వెళ్ళింది. చెప్పుల చప్పుడు దూరమయ్యాక ఆయన నల్లా కట్టేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ దవాఖానలో ఆడవాళ్ళ వార్డుకు ఆయన కాపలా. సాయంత్రం నాలుగు దాటితే తప్ప బయటివాళ్ళను పంపకూడదు. మగవాళ్ళనైతే మరీను. ఎవరు బతిమాలినా మద్దిలేటి "పోనియ్యరు బిడ్డా" అనే అంటాడు. అని, లేచి నల్లా దగ్గరికి పోతాడు. ఈ సంగతి బిజినేపల్లి నుంచి బల్మూర్ దాకా తెలుసు. "మద్దిలేటి చేతులు కడిగేదాక జర కూసోండ్రి" అని పాతవాళ్ళు కొత్తవాళ్ళకు చెబుతారు.

ఆయన భార్య జములమ్మ మరో ఊరి దవాఖానలో పోయింది. ఆ రాత్రి వేళ మించినా మంచం పక్కనే నేల మీద కూర్చున్న ఆయనను ఒక నర్సు చూసింది, ఏమీ అనకుండా లైటు తగ్గించి వెళ్ళిపోయింది. ఆమె పేరు ఆయన అడగలేకపోయాడు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఇలా నల్లా తిప్పుతున్నాడు.

ఆ ఉదయం ఫోనులో ఇంగ్లీషు సందేశం వచ్చింది. పంపింది కాపలావాళ్ళను పెట్టే ఏజెన్సీ సూపర్‌వైజరు జగదీశ్. మద్దిలేటి దాన్ని నర్సు సుమనకు చూపించాడు.

చదువుతూ నవ్విన సుమన మధ్యలోనే నవ్వు ఆపేసింది. "నీ గేటుకాడ మంది స్నీక్ అయితున్నరంట కాకా. పైన కొత్త కెమెరా పెట్టిండ్రు గద. ఇంకోసారి కనబడితే నౌకరి పోతదంట."

"స్నీక్ అంటే ఏందమ్మా?"

"సప్పుడు చేయకుండ, ఎవ్వరికి కనబడకుండ లోపటికి దూరుడు."

"దొంగలకేనా ఆ మాట?"

"దొంగలకే అని ఏం లేదు. పరీక్షకు చిట్టీలు తీస్కపోయినా అదే, తాగొచ్చి పెండ్లాం లేవకుండ ఇంట్ల జొచ్చినా అదే."

"అట్లయితే మా తమ్ముడు రోజు స్నీకే" అన్నాడు మద్దిలేటి. సుమన మళ్ళీ నవ్వింది.

ఆ మాట ఆయన నోట్లో నానుతూనే ఉంది. క్యాంటీన్ కిటికీలోంచి దూరిన పిల్లికి అతికించి చూశాడు, అతికింది. మందుగోళీ మింగనని మొరాయించే ముసలమ్మకు మనుమరాలు అరటిపండులో దాచి పెట్టింది. అదీ అదే కదా అనుకున్నాడు. కానీ తలెత్తితే కెమెరా ఎర్రలైటు కనబడుతోంది. మోకాళ్ళు అరిగిన మనిషికి మరో కొలువు ఎవరిస్తారు?

మధ్యాహ్నం ఖాజా మియా వచ్చాడు. ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల గాజులమ్మే ముసలాయన. భార్య బడేబీ లోపల మంచం పట్టి ఉంది. కోడలు షాజియా వార్డులోంచి పరుగున వచ్చింది.

"మామా, డాక్టరమ్మ అందరిని పిలుసుకోమన్నది. నిన్నే అడుగుతుంది అత్తమ్మ."

మద్దిలేటి అలవాటుగా లేచాడు.

"ఆగు భాయ్" అన్నాడు ఖాజా మియా. "నల్లాకాడికి పోకు. జిందగంత ఇల్లిల్లు తిరిగి గాజులేసిన. పిలవంది ఏ గడప దాటలే. ఇప్పుడు నా బీవీ కాడికి దొంగ లెక్క దూరాల్నా? నాలుగు గొట్టనీ, ఈడనే కూసుంట."

"అప్పటిదాక ఆమె ఉంటదా మామా?" షాజియా కొంగు నోట్లో కుక్కుకుంది.

ముసలాయన గేటు పక్కనే నేల మీద కూర్చున్నాడు. మద్దిలేటి ఆయననూ కెమెరానూ చూశాడు. చెమటపట్టిన అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని ముందుకు చాపాడు.

"రా పెద్దాయనా. నేనే తోల్కపోత."

చెయ్యి పట్టుకుని, నట్టనడుమ దారిలో, ఎర్రలైటు కిందుగా బడేబీ మంచం దాకా నడిపించి వచ్చాడు.

కాసేపటికి జగదీశ్ ఫోను చేశాడు.

"మద్దిలేటీ, మొగమనిషి లోపటికి స్నీక్ అయిండు. కెమెరాల చూసిన."

"స్నీక్ కాలే సార్. నేనే చెయ్యి పట్టి తోల్కపోయిన. ఆయన పెండ్లాం సావుబతుకుల మీదున్నది."

"ఇంగ్లీషు బాగనే నేర్సినవ్" అన్నాడు జగదీశ్. "రేపటి సంది ఈ గేటుకు రాకు. పైనోళ్ళు నన్ను బతకనియ్యరు. పత్తిమిల్లుకాడ పగటి డ్యూటీ ఒకటున్నది, ఆడికి పో. ఇయ్యాల మాత్రం ఆ ముసలాయన్ను లేపకు."

"సల్లగుండు సార్" అన్నాడు మద్దిలేటి.

నాలుగు కొట్టకముందే ఖాజా మియా ఒక్కడే బయటికి వచ్చాడు. స్టూలు ఇస్తే కూర్చోకుండా గోడకు ఆనుకున్నాడు.

"'ఏందయ్యో, ఇయ్యాల గాజులు తొందరగ అమ్ముడుపోయినయా' అన్నది భాయ్. నవ్వింది గూడ. నా చేతులతోని చెంచెడు నీళ్ళు తాగింది. గంతే." కళ్ళు తుడుచుకుని మద్దిలేటి భుజం మీద చెయ్యి వేశాడు. "అల్లా నిన్ను మంచిగ జూడాలె."

ఎండ వాలేసరికి బండి వచ్చింది. మద్దిలేటి ఒక పక్క పట్టి, ముఖం దాకా గుడ్డ కప్పిన బడేబీని ఎక్కించాడు. ఖిల్లా ఘణపూర్ వైపు బండి మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. తాళాలు సుమనకు అప్పజెప్పడానికి వార్డులోకి వెళ్ళాడు. బడేబీ మంచం మీది దుప్పటి అప్పటికే తీసేశారు. పక్క కిటికీ గట్టు మీద ఒక స్టీలు చెంచా వెల్లకిలా ఉంది. దాని గుంటలో ఇంకా కాసిని నీళ్ళున్నాయి.