అనిసే బల్ల ఖాళీ అయిన ఆదివారం

మోరిసెట్‌ది ముప్ఫై నాలుగేళ్లు చేపలమ్మిన నోరు. ఉత్తరాన అరాస్ పట్టణం అంగట్లో ఆమె కేక వేసిందంటే నాలుగు వీధుల అవతల ఉన్నవాళ్లకు కూడా ఆ పూట ఏ చేప తాజాగా వచ్చిందో తెలిసిపోయేది. చేపల వ్యాపారానికి సూత్రం ఒక్కటే. ఒంటిగంట కొట్టేసరికి బల్ల ఖాళీ కావాలి. మిగిలిందంటే కుళ్లిందన్నమాటే. మూడేళ్ల కిందట మోకాళ్లు మొరాయించడంతో ఆ బల్లను మేనకోడలికి అప్పగించింది. అప్పటి నుంచి వేసవి రాగానే భర్త రెజిస్‌తో కలిసి పాత వ్యాన్‌లో దక్షిణానికి బయల్దేరడం, ఊరూరా పాత సామాన్ల సంతలు తిరగడం అలవాటు చేసుకుంది.

వ్యాన్‌లో ఇంక చెంచా పెట్టే జాగా కూడా లేదని రెజిస్ గొడవ. అందుకే ఈ ఏడు చూడడమే గానీ కొనడం లేదని ఆమె ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు తొమ్మిది సంతల దాకా నిలబడింది కూడా.

పదో సంత కొరెజ్ కొండల్లో, మోంజలూప్ అనే ఊళ్లో. ఏడాదికోసారి ఇంటింటి అటకలూ దులిపి, ఆ దులిపిందంతా చర్చి వెనక గడ్డి మైదానంలో పరుస్తారు. రెజిస్ పత్రిక చంకలో పెట్టుకుని చెస్ట్‌నట్ చెట్టు నీడ వెతుక్కున్నాడు. మోరిసెట్ వరసంతా తిరిగి తిరిగి ఒక బల్ల దగ్గర ఆగింది.

ఆ బల్ల వెనక వెడల్పాటి కుర్చీలో నీలం పనికోటు తొడుక్కున్న ముసలాయన ఉన్నాడు. పేరు అనిసే. ఎనభై రెండేళ్లు. ఒకప్పుడు పద్దెనిమిది ఆవులుండేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు. బల్ల మీద కాఫీ మర, రాగి మూకుడు, ఆవుల మెడగంటలు, చెక్క చెప్పులు, నూనె దీపం, ఇంకా ఓ పాతిక వస్తువులు.

మోరిసెట్ కాఫీ మర చేతిలోకి తీసుకోగానే ఆయన అన్నాడు: "అది మా అత్తగారిదమ్మా. పిడి వదులు. తిప్పితే మీ మోచెయ్యి పడిపోద్ది."

"మరి ఎనభై యూరోలని రాశారేంటండీ?"

"మా అత్తగారు అంతకన్నా ఎక్కువే ఏడిపించింది నన్ను."

ఆ మాటకు మోరిసెట్ పడీ పడీ నవ్వింది. ఇంక ఆయనకు అడ్డు లేకుండా పోయింది. మెడగంటల్లో ఏది ఏ ఆవుదో, ఏ ఆవు ఎవరి తోటలో పడి కోసుగడ్డలు మేసిందో, ఆ తోట వాళ్లు ఎన్నేళ్లు మాట్లాడకుండా ఉన్నారో అంతా చెప్పాడు. పన్నెండు కొట్టేసరికి సంతంతా లేచి గుడారంలో భోజనాలకు నడిచింది. కాల్చిన పంది మాంసం, బంగాళాదుంపలు, ఎర్ర వైన్. పక్కన పాత దుప్పట్లమ్మే ఓడెట్ కూడా చేతులు దులుపుకుని వెళ్లిపోయింది.

"నేను భోంచేసొస్తా. మీకు పనేం లేకపోతే ఓ గంట కూర్చుంటారా అమ్మా? ఊరికే, కాస్త కనిపెట్టుకుని," అన్నాడు అనిసే.

కూర్చుంటుంది. ఎందుకు కూర్చోదు? మూడేళ్లయింది బల్లకు ఇవతలి వైపు కూర్చుని. కానీ చింత చచ్చినా పులుపు చావదు కదా. పది నిమిషాలు బుద్ధిగానే ఉంది. తర్వాత ధరల చీటీలు ఒక్కొక్కటే చదివి, పాపం ఈ పెద్దాయనకు వ్యాపారం తెలియదని తేల్చేసింది. మూకుడుకు తొంభైయా? ఎవరు కొంటారు? ఆయన తిరిగొచ్చేలోపు ఓ నాలుగు వస్తువులైనా అమ్మిపెడితే ఎంత సంతోషిస్తాడో! కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడిగేవాళ్లు లేరు. ఊళ్లోవాళ్లంతా గుడారంలో ఉన్నారు. మైదానంలో తిరిగేవాళ్లందరూ సంచిలో రొట్టె తెచ్చుకున్న బయటూరి మనుషులే.

"రండి బంగారం, చూసుకోండి!" అని ఒక్క కేక పెట్టింది. "ఈ మూకుడులో జామ్ వండితే మీ అల్లుడు మీ గడప వదలడు! పాతిక! సరే, ఇరవైకి తీసుకుపోండి, మీ నవ్వు చూసి ఇస్తున్నా!"

మూకుడు పోయింది. మెడగంటలు గుత్తగా పోయాయి. అత్తగారి కాఫీ మర కొన్నావిడ ఇంకోటుందా అని కూడా అడిగింది. ఒంటిగంట దగ్గరపడే కొద్దీ మోరిసెట్‌కు పూనకం వచ్చినట్టయింది. అన్నీ అయ్యాక ఒకాయన బల్ల బాగుందన్నాడు. బల్ల ఇచ్చేసింది. ఆయన పెళ్లాం కుర్చీ కూడా కావాలంది. మోరిసెట్ లేచి నిలబడి కుర్చీ కూడా ఇచ్చేసింది.

అనిసే తిరిగొచ్చేసరికి గడ్డిలో బల్లకాళ్ల గుంటలు నాలుగు మిగిలాయి. వాటి మధ్య మోరిసెట్, పిడికిలి నిండా డబ్బుతో, మొహం వెలిగిపోతూ నిలబడి ఉంది.

"మొత్తం అనిసే గారూ! ఒక్కటి మిగిలితే ఒట్టు!"

ఆయన డబ్బు అందుకున్నాడు, లెక్కపెట్టలేదు. మర్యాదస్తుడు కాబట్టి థాంక్స్ చెప్పాడు. ఆ నాలుగు గుంటలవైపు కాసేపు చూశాడు.

"ఇప్పుడు నేనెక్కడ కూర్చోను?" అన్నాడు.

కుర్చీ గురించి అనుకుంది మోరిసెట్. "కుర్చీకేముందండీ, ఇంకోటి..." అంటుండగానే ఓడెట్ వచ్చి, ఖాళీ చోటు చూసి, నెత్తి కొట్టుకుని, ఆమెను చెయ్యి పట్టి దుప్పట్ల వెనక్కి లాక్కెళ్లింది.

"ఏం పని చేశారండీ! నాలుగేళ్లుగా ఆ మనిషి అవే సామాన్లు పొద్దున దించుతాడు, సాయంత్రం ఎక్కిస్తాడు. ఎవరైనా కొంటానంటే చిల్లు చూపిస్తాడు. చిల్లు లేకపోతే ధర పెంచుతాడు. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే ఇది."

"అమ్మడం ఇష్టం లేనప్పుడు సంతకెందుకు రావడం?"

"వారమంతా ఆ కొండ మీద ఒక్కడే. ఆవులు కూడా పోయె. ఎవరితో మాట్లాడతాడు, గోడలతోనా? మే నుంచి సెప్టెంబర్ దాకా ఏ ఊళ్లో సంత ఉంటే ఆ ఊళ్లో దిగుతాడు. ఆ బల్లే లేకపోతే వచ్చే వారం నుంచి రాడు, చూడండి."

"ఊరికే వచ్చి కూర్చోవచ్చు కదా, ఎవరొద్దన్నారు?"

"అనిసేనా? పని లేకుండా గడప దాటితే పరువు పోద్దనుకునే మనిషి!"

ఆ సంగతి మోరిసెట్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. బల్ల అప్పగించిన మర్నాడు ఊరికే అంగడికి వెళ్లింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పావుగంటలో ఇంటికొచ్చేసింది. ఈ సంతల్లో తిరుగుడంతా అందుకే. చేతిలో ఓ పాత గిన్నె ఉంటే పక్కవాళ్లతో మాట కలపొచ్చు. ఇంతదూరం వచ్చి, తనలాంటి మనిషినే వెతికి పట్టుకుని, కూర్చున్న చోటు కూడా అమ్మేసింది.

ఆమె తిరిగొచ్చేసరికి అనిసే ఇంకా ఆ గుంటల మధ్యే నిలబడి ఉన్నాడు. డబ్బు ఎవరిదో అన్నట్టు పట్టుకున్నాడు.

"పదండి," అంది మోరిసెట్.

"ఎక్కడికమ్మా?"

"కొనడానికి. పాడుచేసింది నేను, బాగుచేయించుకోవాల్సింది మీరు."

నాలుగేళ్లలో ఆయన సరుకు చూడ్డానికి ఓడెట్ దుప్పట్లు దాటి వెళ్లింది లేదు. ఇప్పుడు వరస పొడుగునా తల తిప్పుకుంటూ నడిచాడు. మోరిసెట్ ముందుగా ఒక గాజు కూజా బేరమాడి సగానికి సగం తగ్గించింది. అనిసే వెలుతురులో పెట్టి చూశాడు.

"బాగుంది. వద్దు."

"అదేంటండీ?"

"మంచిది కాబట్టి. అరగంటలో ఎవడో ఎత్తుకుపోతాడు."

ఆమెకు అప్పుడర్థమైంది ఈ వ్యాపారం. "అంటే ఎవరూ కొనకూడదు," అంది. "కానీ అందరూ ఆగాలి."

"ఆ!" అన్నాడు అనిసే. భోజనమయ్యాక ఆయన మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది.

ఇక ఇద్దరూ సంత మీద పడ్డారు. ఆయన లోపాలు ఎంచుతాడు, ఆమె ధర కోస్తుంది. గడ్డి కూరిన నక్క దొరికింది, ఒక చెవి లేదు. తాళాలు పోయి తాళంచెవులు మాత్రమే మిగిలిన డబ్బా దొరికింది. ఎవరిదో పెళ్లి ఫోటో దొరికింది. అందులో పెళ్లికూతురు విరగబడి నవ్వుతోంది, పెళ్లికొడుకు మండిపడుతున్నాడు. ఎందుకని అడిగితే అమ్మేవాడికీ తెలియదు. మూడు పళ్లచక్రాలూ ఒక పిడీ ఉన్న ఇనప యంత్రం ఒకటి దొరికింది. అది ఏ పనికో అమ్మేవాడు చెప్పలేకపోయాడు.

"మీరిద్దరూ జంటగా వస్తే మా కొంపలు మునుగుతాయి. పట్టుకుపోండి," అన్నాడు వాడు దండం పెట్టి.

బల్లా కుర్చీలూ మాత్రం గట్టివే కొన్నారు. కుర్చీలు జతగా తప్ప విడిగా ఇవ్వనన్నాడు అమ్మేవాడు. సరిగ్గా అప్పుడే రెజిస్ చెట్టు నీడ వదిలి ఎదురొచ్చాడు. పెళ్లాం చంకలో నక్కను చూసి ఆగిపోయాడు.

"మోరిసెట్! ఒట్టు పెట్టావ్."

"ఇది నాది కాదు."

"నీ చంకలో ఎందుకుంది మరి?"

"ఈయన చేతుల్లో కుర్చీలున్నాయి కాబట్టి. నువ్వు బల్ల పట్టు."

రెజిస్‌ది నలభై ఏళ్ల సంసారం. బల్ల పట్టాడు.

మూడింటికల్లా దుకాణం మళ్లీ లేచింది. అనిసే కొత్త చీటీలు రాసి, ఇనప యంత్రానికి మూడు వందలు తగిలించాడు. మొదట ఆగినాయన అది తేనె తీసే యంత్రమన్నాడు. కాదు, తాళ్లు పేనేదన్నాడు రెండోవాడు. మా తాత దాంతో సాసేజులు చేసేవాడంది ఒకావిడ. మీ తాతకు పళ్లు లేవు, సాసేజులెందుకన్నాడు మూడోవాడు. ఓడెట్ దుప్పట్లు గాలికి వదిలేసి వచ్చి నిలబడింది. అనిసే ఒక్కొక్కరి మాటకూ తల ఊపుతూ, దేన్నీ ఒప్పుకోకుండా, దేన్నీ కాదనకుండా మంట ఎగదోస్తున్నాడు. కాఫీ మరకు ఇంతమంది ఎప్పుడూ ఆగలేదు.

అప్పుడు గుంపులోంచి తెల్లచొక్కా ఆయన ఒకడు పర్సు తీశాడు.

"మూడు వందలు. ఇచ్చేయండి. మా హాల్లో పెట్టుకుంటా."

అనిసే ఆ యంత్రాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఇంతమంది ముందు ధర పెంచలేడు, చూపించడానికి చిల్లూ దొరకలేదు. అదేమిటో తెలిస్తే కదా లోపం తెలిసేది!

మూడు వందలంటే మోరిసెట్ అలవాటుగా చెయ్యి చాపబోయింది. చాపలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"దీని రెండో ముక్క లేదండీ," అంది చాలా విచారంగా. "అది లేనిదే ఇది బరువు తప్ప దేనికీ పనికిరాదు. మీలాంటి పెద్దమనిషికి అంటగట్టడానికి నాకు మనసొప్పట్లేదు."

"రెండో ముక్క ఎలా ఉంటుంది?"

"అది తెలిస్తే ఈయన నాలుగేళ్లుగా ఎందుకు వెతుకుతాడు?"

తెల్లచొక్కా ఆయన పర్సు లోపల పెట్టుకున్నాడు గానీ కదల్లేదు. రెండో ముక్క ఎలా ఉండి ఉంటుందో తనకు తోచింది చెప్పడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు ఆయన మీద పడ్డారు. అనిసే ఊపిరి వదిలి, మోరిసెట్ వైపు తిరిగి, రెండో కుర్చీని తన కుర్చీ పక్కకు ఇంకాస్త జరిపాడు.

సాయంత్రం ఐదింటికి సంత కమిటీ తరఫున సిల్వియాన్ పుస్తకం పట్టుకుని వచ్చింది. వచ్చే ఆదివారం పొరుగూరి సంతకు చోట్లు రాసుకోవడం ఆమె పని.

"అనిసే, నీకు ఎప్పట్లాగే రెండు మీటర్లేగా?"

"నాలుగు," అన్నాడు అనిసే.

"నాలుగా! ఎవరికి?"

ఆయన గడ్డంతో మోరిసెట్‌ను చూపించాడు. అప్పుడు గుర్తొచ్చినట్టు రెజిస్ వైపు చూశాడు. బుధవారానికి ఇల్లు చేరదామనుకున్నారు వాళ్లు. రెజిస్ పత్రిక మడిచాడు.

"ఆ ఊళ్లో చెట్టుందా?" అని అడిగాడు.

"వరసగా ఉన్నాయండి," అంది సిల్వియాన్. పెన్ను మూత తీసింది. "ఈవిడ ఏం అమ్ముతారు?"

"ఏమీ అమ్మరు," అన్నాడు అనిసే. "ఇవాళే నేర్చుకున్నారు."

అంతా గొల్లుమన్నారు. మోరిసెట్ కూడా నవ్వింది గానీ కళ్లు తడిసి పుస్తకం సరిగా కనబడలేదు. మూడేళ్లలో అంగట్లో ఆమె పేరు మీద ఒకరు చోటు రాయడం అదే మొదటిసారి. పేరు చెప్పింది, ఇంటిపేరు కూడా చెప్పింది. సిల్వియాన్ సరిగ్గా రాసిందో లేదో కళ్లు తుడుచుకుని, వంగి చూసుకుంది.